లక్నవరంలో బోటు బాగుంది, ఓపెనర్ మర్చిపోకండి

కరీంనగర్ నుంచి శనివారం రాత్రికి హన్మకొండ చేరి, చౌరస్తాకు దగ్గరలో ఒక లాడ్జిలో దిగాం. నేను, మా ఆవిడ, బామ్మర్ది. గదిలో ఫ్రిజ్ ఉందని వంద ఎక్కువ తీసుకున్నారు. ఫ్రిజ్ ఉన్నమాట నిజమే, లైటు కూడా వెలుగుతోంది, చల్లబడటం ఒక్కటే లేదు. రాత్రి అందులో పెట్టిన మూడు గాజు సీసాల థమ్సప్ పొద్దున గోరువెచ్చగా బయటికొచ్చింది. పేరు ఎందుకులెండి. దిగేముందు ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టి చూసుకోండి, అంతే.

ముందు రామప్ప. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. ఎండ ముదరకముందే వెళ్తే ఎర్రరాతి గుడి చూరు కింద నల్లరాతి మదనికలను, అంటే ఆడవాళ్ల శిల్పాలను, తీరిగ్గా చూడొచ్చు. మేం గంటన్నర ఉన్నాం, మా ఆవిడకు అదీ చాలలేదు. సీసాలు మాత్రం అప్పటిదాకా కారు డిక్కీలో ఉడుకుతున్నాయి.

లక్నవరం చేరేసరికి పదకొండు దాటింది. వేలాడే వంతెన మీద ఆదివారం జనం సెల్ఫీలకు ఆగిపోతారు, నడవడమే కష్టం. చెరువును నిజంగా చూడాలంటే బోటే ఎక్కాలి. దీవి మీద కాటేజీలకు శని, ఆదివారాల్లో గిరాకీ ఎక్కువ, ముందే బుక్ చేసుకోవడం మంచిది.

మా బామ్మర్ది హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నేర్చుకుంటున్నాడు. అందులో ఒక చెయ్యి తాడు మీద, ఇంకో చెయ్యి చుక్కాని మీద ఉంటుందట, మూత తీయడానికి మూడో చెయ్యి కావాలట. "ఇది మోటారు బోటే కదా బావా, చేతులు ఖాళీ" అని చెరువు మధ్యలో సంచిలోంచి సీసా తీశాడు. ఓపెనర్ లేదు. సీటు కింది ఇనుప అంచుకు మూత ఆనించి అరచేత్తో ఒక్కటిచ్చాడు. అదే క్షణంలో పక్కనుంచి పెద్ద బోటు పోయింది, అల తగిలింది, చెయ్యి జారింది. మూత ఊడింది గానీ నురగ మా ఆవిడ చీర మీదికి, లైఫ్ జాకెట్ మీదికి. సీసా మూతి దగ్గర గోరంత గాజు పెచ్చు ఎగిరిపోయింది.

బోటు నడిపే అతను ఇంజను ఆపేశాడు. "అన్నా, అది తాగకు, ముక్క లోపలే పడ్డదేమో. చెర్ల పారబోయకు, గట్టుకు తీస్కపోదాం." తర్వాత స్టీరింగ్ దగ్గర నైలాన్ దారంతో వేలాడుతున్న ఓపెనర్ చూపించాడు. "అడిగితే ఇయ్యనా?"

రెండో సీసా అతనే తీశాడు. ఆ పని చూడముచ్చటగా ఉంది. సీసాను మోకాళ్ల మధ్య నిలబెట్టి, మూతి మీద తడి తువ్వాల కప్పి, మూత ఒక అంచును మాత్రం కొద్దిగా లేపాడు. సుయ్‌మంది. ఆగాడు. సీసా కొంచెం తిప్పి ఇంకో అంచు. మళ్లీ సుయ్. మూడోసారికి మూత తువ్వాలలోకి వచ్చేసింది, చుక్క పొంగలేదు. చల్లటి నీళ్లలో గ్యాస్ కరిగి ఉంటుంది, వేడెక్కితే బయటికి తోసుకొస్తుంది. పైగా బోటు ఊపుకు లోపల బుడగలు లేస్తాయి. అందుకే ఒక్కసారి తెరిస్తే ఎగజిమ్ముతుంది, విడతలుగా వదిలితే ఊరుకుంటుంది. మూత నా చొక్కా జేబులో వేసి, "గాజు సీసాలు బోట్ల తేవద్దన్నా, ఈసారి ప్లాస్టిక్‌ది తెచ్చుకో, ఖాళీది మళ్ల తీస్కపో" అన్నాడు.

మూడో సీసా తెరవలేదు. మొత్తంగా రామప్పకు పొద్దున, లక్నవరానికి వీలైతే మామూలు రోజు వెళ్లండి. బోటుకు, ఆ మనిషికి పూర్తి మార్కులు. లాడ్జికి ఏం ఇవ్వాలో మా ఆవిడే చెప్పాలి, చీర ఆమెదే కదా.

తిరుగు దారిలో రోడ్డు పక్కన గోలీసోడా కనిపిస్తే ఆగాం. ఇందులో ఎగిరిపోయే మూతే లేదు, గోలీ సీసా మెడలోనే ఉండిపోతుంది. "బావా, ఇది నేను కొడతా" అన్నాడు బామ్మర్ది. మా ఆవిడ రెండడుగులు వెనక్కి జరిగింది.