భద్రతా రిస్క్ అంచనా: ఆస్తుల జాబితాతో మొదలా, నష్టంతో మొదలా?

కంప్యూటర్లకు, వాటిలోని సమాచారానికి ఏ ముప్పు ఉందో తేల్చే రిస్క్ అసెస్‌మెంట్‌ను ఎక్కడ మొదలుపెట్టాలని గుంటూరు కోల్డ్ స్టోరేజీల వారూ, విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రుల వారూ నన్ను పదేపదే అడుగుతున్నారు. సమాచార భద్రతా రిస్క్‌ల గురించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 27005, దాని 2022 కూర్పులో, రెండు దారులను చెబుతుంది. ఉన్న ఆస్తులన్నీ, అంటే యంత్రాలు, సాఫ్ట్‌వేర్, సమాచారం, రాసుకుని ఒక్కోదాని బలహీనతను వెతకడం మొదటిది. జరగకూడని సంఘటనను ముందు నిర్ణయించుకుని, దానికి దారితీసే కారణాలను వెతుక్కుంటూ వెళ్లడం రెండోది.

జాబితాతో మొదలుపెడితే కంటికి ఆననివి బయటపడతాయి: మూల గదిలో అందరూ మరచిన పాత సర్వర్, ఉద్యోగం మానేసిన మనిషి పేరిట ఇంకా పనిచేస్తున్న లాగిన్. అయితే ప్రింటర్లు, రౌటర్లు లెక్కపెట్టే పని కంప్యూటర్ కుర్రాడికి అప్పగించి, యజమాని తన పనిలో తాను పడిపోతాడు.

నా దృష్టిలో తేల్చవలసిన విషయం ఇదే: నష్టం భరించేవాడు మొదటి రోజే నోరు విప్పుతాడా, లేదా? ఈమధ్య ఒక కోల్డ్ స్టోరేజీలో నేను రెండో దారినే ఎంచుకున్నాను. మిర్చి సీజన్‌లో ఒక ఉదయం, ఏ రైతు బస్తాలు ఏ ఛాంబర్‌లో ఉన్నాయో చూపే రికార్డు తెరుచుకోకపోతే ఏమవుతుందని అడగగానే, నిల్వ ఉంచిన సరుకుకు ఇచ్చే రసీదులైన బాండ్ల మీద బ్యాంకులిచ్చిన అప్పుల సంగతి యజమాని ఎత్తారు. బ్యాకప్ డిస్క్ రాత్రింబవళ్లు అదే కంప్యూటర్‌కు తగిలించి ఉంటుందని గుమాస్తా చెప్పారు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వస్తే రికార్డూ, బ్యాకప్పూ రెండూ ఒకేసారి పోతాయి. జాబితాలో ఆ డిస్క్ ‘బ్యాకప్ ఉంది’ అనే ఒక్క వరుసగా మిగిలిపోయేది. అలాంటి దాడిని గుర్తించిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలన్న 2022 నాటి ఆదేశం ప్రకారం ఫోన్ చేయవలసింది ఎవరన్నదీ ఆ సమావేశంలోనే తేలింది.

సమాచార భద్రత నిర్వహణ ప్రమాణమైన ఐఎస్ఓ 27001లోని 93 నియంత్రణలను, అంటే భద్రతా చర్యలను, చెక్‌లిస్టుగా పట్టుకుని ‘ఉంది, లేదు’ అని టిక్కులు పెట్టడం ఆడిట్ ముందు పనికొస్తుంది, ఆరంభానికి కాదు.

పెద్ద ఆసుపత్రి సంగతి వేరు. ల్యాబ్, స్కానింగ్, ఫార్మసీ విభాగాలు ఎవరికి వారు యంత్రాలు కొనుక్కున్న చోట, రోగుల వివరాలు ఎందులో ఉన్నాయో ఎవరూ చెప్పలేకపోతే, ముందు జాబితా రాయక తప్పదు. తక్కినవారు నాలుగైదు సంఘటనలతో మొదలుపెట్టి, వాటితో సంబంధమున్న ఆస్తులను మాత్రమే మొదటి నెలలో రాసుకుని, మిగిలినవి తర్వాత చేర్చుకోవచ్చు.