మూసీ వరద నడక: 500 రూపాయలకి గిట్టుబాటేనా?

హైదరాబాద్ కొత్తపేటలో నాది కిరాణా కొట్టు. ముప్పై ఏళ్లుగా సరుకు కోసం బేగంబజార్‌కి తిరుగుతున్నా. దాని పక్కనే ఉన్న అఫ్జల్‌గంజ్ గురించి నాకొకరు చెప్పడమేంటి అనుకున్నా. మా అమ్మాయి వినలేదు. "ఒక్క ఆదివారం కొట్టు బాబాయి చూసుకుంటాడులే నాన్నా" అని ఫోన్‌లో బుక్ చేసేసింది. మనిషికి 500. 1908 మూసీ వరద ఆనవాళ్లు చూపిస్తూ రెండున్నర గంటలు నడిపిస్తారు.

ఆరున్నరకల్లా అఫ్జల్‌గంజ్ లైబ్రరీ దగ్గర ఉండమన్నారు. గైడ్ వచ్చేసరికి ఏడు దాటింది. ఇరవై రెండు మందిమి, మైకు లేదు. పక్కన సిటీ బస్సు ఆగితే చాలు, సగం మాటలు గాల్లో కలిసిపోయేవి. పైగా అంతా ఇంగ్లీషే. చివరికి నేనే చెయ్యెత్తి "తెలుగులో కూడా చెప్పు బాబూ" అన్నా. పిల్లాడు ఏమీ అనుకోలేదు. తెలుగులోకి దిగాకే అతనికీ ఊపొచ్చింది.

ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గర మాత్రం పైసలు వసూలైపోయాయి. మా నాన్న అక్కడ చేరినప్పుడు రోజూ క్యారేజీ పట్టుకుని ఆ చెట్టు పక్కనుంచే వెళ్లేవాణ్ని, ఒక్కసారి తల పైకెత్తలేదు. 1908 సెప్టెంబర్ 28న ఊరు మునిగితే దాదాపు 150 మంది ఆ కొమ్మలు పట్టుకునే బతికారట. పోయినవాళ్ల లెక్క 15,000 దాకా చెప్తారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనీ, కూతుర్నీ పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు. అది చెప్పాక గైడ్ కాసేపు ఊరుకున్నాడు, మంచి పని చేశాడు. నాకు 2020 అక్టోబర్ వాన గుర్తొచ్చింది. మోకాలి లోతు నీళ్లొచ్చి కొట్లో కింది వరస బియ్యం బస్తాలు తొమ్మిది పాడయ్యాయి. దానికే నెల రోజులు నిద్రపట్టలేదు నాకు.

నయాపూల్ వంతెన మీద నిలబెట్టి చెప్పింది కూడా బాగుంది. ఎగువన చెరువులు తెగడంతో మూసీ అంతలా పొంగిందట. తర్వాత నిజాం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించాడు. ఆయన సలహాతో వచ్చినవే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడని మనం గొప్పగా చెప్పుకుంటాం కదా, ఆ గండిపేటే ఈ ఉస్మాన్‌సాగర్. తాగునీళ్ల కోసమే కట్టారనుకున్నా ఇన్నాళ్లూ. వరదని ఆపడానికని నాకు తెలీదు. అవతలి ఒడ్డున కనిపించే హైకోర్టు, ఇవతల మనం చూసొచ్చిన ఆస్పత్రి భవనం, రెండూ వరద తర్వాత కట్టినవే.

నా ఫిర్యాదు పురానాపూల్ దగ్గర. 1578లో కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన వంతెన. ఆ వరదకి మిగతా మూడూ తెగిపోతే ఇదొక్కటే నిలబడింది. అలాంటిదానికి పది నిమిషాలా? మొదట పోగొట్టిన అరగంటని ఇక్కడ కోసేశారు. రాళ్లు ఎలా పేర్చారు, ఎందుకు ఆగింది అని అడిగితే "టైమ్ అయిపోయింది అంకుల్" అన్నాడు. వంతెన మీద కూరగాయల అంగళ్లు ఉంటాయి, టమాటా రేటు కనుక్కునేంత టైమ్ కూడా ఇవ్వలేదు. నీళ్ల సీసా ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలని, మధ్యలో బాత్రూమ్ ఉండదని బుకింగ్‌లో ఒక్క ముక్క రాయలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు చూసుకోండి.

ఐదుకి మూడున్నర ఇస్తా. చింతచెట్టు లేకపోతే రెండే.

మొన్న మంగళవారం సరుకేసుకుని వస్తూ ట్రాలీ ఆటోని ఆస్పత్రి గేటు దగ్గర ఆపించా. వెనకాల ఎండుమిర్చి బస్తాలు. "ఇక్కడ మనకేం పని సేటూ, ఎవరికన్నా బాగాలేదా?" అని కంగారుపడ్డాడు డ్రైవర్. రెండు నిమిషాలుండు, ఒక చెట్టు చూసొస్తా అన్నా.