హమ్ పోగొట్టినందుకు డీలరుకు మార్కులు, మిగతా వాటికి సగమే

స్పీకర్లు ఎలా పలుకుతాయో, యాంప్ ఎన్ని వాట్లో ఎక్కడైనా దొరుకుతుంది. ఇక్కడ రాస్తున్నది డీలరు గురించి. టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయరు), ఇంటిగ్రేటెడ్ యాంప్, స్పీకర్లు, స్ట్రీమర్ (నెట్ నుంచి పాటలు వినిపించే పెట్టె), ఆ తర్వాత సబ్‌వూఫర్ (బాస్ కోసం ఉండే స్పీకరు, ముద్దుగా సబ్), అన్నీ ఒకే దుకాణం నుంచి ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. ఏళ్ళ తరబడి వాడాక, అక్కడ కొన్నందుకు నిజంగా సంతోషపెట్టిన విషయం ఒక్కటే: హమ్, అంటే స్పీకర్లలో వచ్చే మోత, పోగొట్టడం.

టీవీ శబ్దాన్ని యాంప్‌కి కలపగానే స్పీకర్లలో గుంయ్‌మని సన్నటి మోత మొదలైంది. ఇలాంటప్పుడు తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు అందరూ చెప్పే చిట్కా, ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేయమని. మోత పోతుందేమో కానీ, రేపు లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే యాంప్ బాడీని ముట్టుకుంటేనే షాక్ కొడుతుంది. డీలరు పంపిన టెక్నీషియన్ ప్లగ్గు జోలికే పోలేదు.

ముందు వాల్యూమ్ సున్నాకి తెచ్చాడు. మోత తగ్గింది. అంటే తేడా వాల్యూమ్ కంట్రోలుకు ముందే, సోర్సుల (టీవీ, టర్న్‌టేబుల్ లాంటివి) వైపు ఉంది. తగ్గకుండా అలాగే ఉంటే పవర్ యాంప్ భాగాన్నో సబ్‌నో అనుమానించాలి. తర్వాత యాంప్ ఆపి, ఆర్‌సీఏ కేబుళ్ళన్నీ (సోర్సుల నుంచి యాంప్‌కి శబ్దం తెచ్చే వైర్లు) పీకేసి, ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చాడు. పెట్టే ప్రతిసారీ యాంప్ ఆపాల్సిందే. ఆర్‌సీఏలో బయటి రింగు కంటే నడిమి పిన్ను ముందు తగులుతుంది, ఆ క్షణంలో వచ్చే ధడ్‌మనే శబ్దానికి ట్వీటర్ (సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకరు) పోయినా పోవచ్చు.

టీవీ కేబుల్ పెట్టగానే మోత తిరిగొచ్చింది. సెట్‌టాప్ బాక్సు వెనక కోయాక్స్ వైరు (బయటి నుంచి ప్రసారం తెచ్చే లావు వైరు) విప్పితే పోయింది. కోయాక్స్ షీల్డు (వైరు లోపలి లోహపు తొడుగు) ఇంటి బయట ఎక్కడో ఎర్త్ అయి ఉంటుంది, యాంప్‌కేమో ఇంటి ఎర్త్. ఆ రెంటి మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా ఆర్‌సీఏ షీల్డు గుండా కరెంటు పారుతుంది, అదే మనకు హమ్‌గా వినిపిస్తుంది. దీన్నే ఎర్త్ లూప్ అంటారు. టీవీ నుంచి ఆప్టికల్ కేబుల్ వేస్తే సరిపోయింది, అందులో వెళ్ళేది వెలుగే కాబట్టి ఎర్త్ కలిసే దారే లేదు. ఒక్క జాగ్రత్త: టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియోను పీసీఎం (మామూలు స్టీరియో రూపం) మీద పెట్టాలి. బిట్‌స్ట్రీమ్ మీద వదిలేస్తే డాల్బీ ప్రసారం వచ్చినప్పుడు మామూలు స్టీరియో డాక్ (డిజిటల్‌ను యాంప్‌కి అర్థమయ్యే సిగ్నల్‌గా మార్చే భాగం) నోరు మెదపదు. ఆప్టికల్ లేని టీవీలకు కోయాక్స్ వైరుకే గాల్వానిక్ ఐసొలేటర్ (సిగ్నల్‌ను వదిలి ఎర్త్ దారిని తెంపే చిన్న పరికరం) పెడతారు.

చాలామంది ఇక్కడితో సంచి సర్దుకుంటారు. ఇతను ఫోనో ఇన్‌పుట్ (యాంప్‌లో టర్న్‌టేబుల్ కలిపే చోటు) కూడా విన్నాడు. అక్కడ ఇంకా మోత ఉంది. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నటి ఎర్త్ వైరును యాంప్ వెనక జీఎన్‌డీ (ఎర్త్) మర కింద బిగిస్తే సగం తగ్గింది. మిగతా సగం కోసం చేసిన పరీక్ష నాకు బాగా నచ్చింది. మోటారు ఆపి, నీడిల్‌కి తొడుగు పెట్టి, ఆర్మ్‌ని కిందికి దించకుండా ప్లాటర్ మీదుగా మెల్లగా జరిపాడు. మధ్యకు వెళ్ళేకొద్దీ మోత పెరిగింది. ఎర్త్ లూప్ అయితే ఆర్మ్ ఎక్కడున్నా ఒకేలా మోగాలి. చోటును బట్టి మారుతోందంటే కార్ట్రిడ్జి (ఆర్మ్ చివర నీడిల్ ఉండే భాగం) దగ్గర్లోని అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటోందన్నమాట. కింద అరలో ఉన్న యాంప్ ట్రాన్స్‌ఫార్మరే కారణం. ఎమ్ఎమ్ (కదిలే అయస్కాంతంతో పనిచేసే) కార్ట్రిడ్జి ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు. యాంప్‌లోని ఫోనో స్టేజ్ దాన్ని 40 డెసిబెల్స్, అంటే వంద రెట్లు పెంచుతుంది. పైగా రికార్డుల్లో తగ్గించిన బాస్‌ను తిరిగి పెంచే ఆర్ఐఏఏ ఈక్వలైజేషన్ 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 50 హెర్ట్జ్‌ను మరో 17 డెసిబెల్స్ దాకా లేపుతుంది. యాంప్‌ని ర్యాక్ అవతలి చివరకు మారిస్తే చాలు, మోతకు తెరపడింది. కొత్త కేబుల్ కాదు, కరెంటును శుభ్రం చేసే పవర్ కండిషనర్ కాదు.

ఇంటికి తెచ్చి వినిపించే డెమోల గురించి మొదట్లో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ గొప్పగా చెప్పేవాణ్ణి. ఇప్పటికీ మంచిదే, కాకపోతే తెచ్చేది అతని దగ్గర స్టాకున్న బ్రాండ్లే. రెండు యాంప్‌లు మార్చి వినిపించేటప్పుడు శబ్దం స్థాయి సరిచూడడు. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నదే మెరుగ్గా వినిపిస్తుంది. టెస్ట్ టోన్ పెట్టి స్పీకర్ టెర్మినళ్ళ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజీ చూసి ఒక శాతం తేడాలోపు కలిపితేనే ఆ పోలికకు అర్థం. ఈ పని మనమే చేసుకోవాలి.

బాస్ విషయంలో అతని మీద కోపమే ఉంది. 4.2 మీటర్ల గదిలో పొడవు వెంబడి మొదటి రెజొనెన్స్ (గది తనంతట తాను ఉబ్బించే స్వరం) దాదాపు 41 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. సబ్‌ను మూలన పెట్టి వెళ్ళాడు, ఆ ఒక్క స్వరమే గదంతా దద్దరిల్లేది. అడిగితే ఇంకా పెద్ద సబ్ చూపించాడు! దారి వేరే ఉంది: సబ్‌ను మనం కూర్చునే చోట పెట్టి, బాస్ ఉన్న పాట వేసి, గోడల వెంట పాకుతూ వినాలి. స్వరాలన్నీ సమంగా వినిపించిన చోటే సబ్‌కి చోటు. ఖర్చు లేని పని కాబట్టి ఏ దుకాణం చెప్పదు. స్పీకర్ కేబుల్ కథా అంతే. 5 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే రానుపోను నిరోధం 0.07 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకర్‌కి అది ఒక శాతం కూడా కాదు. అంతకు మించి లావు కేబుల్ అమ్మజూపితే నవ్వి ఊరుకోవచ్చు.

వారంటీలో స్ట్రీమర్ బోర్డు పోయినప్పుడు డీలరు చేసింది కంపెనీకి పంపడమే, ఆలస్యం ఎంతైనా అతని చేతిలో ఏమీ ఉండదు. ఈలోగా వాడుకోవడానికి వేరేది ఇచ్చాడు, అది మెచ్చుకోవాలి. బిల్లు మీద సీరియల్ నంబరు లేకపోతే అక్కడిదాకా కూడా వెళ్ళేది కాదు.

పాత వైరింగ్, టర్న్‌టేబుల్, టీవీ, సబ్ అన్నీ ఒకే యాంప్ మీద పడే ఇల్లు కాబట్టి నాకు డీలరు గిట్టుబాటయ్యాడు. ఫోన్ నుంచి యాక్టివ్ స్పీకర్లకు (యాంప్ లోపలే ఉండే స్పీకర్లు) పాటలు పంపుకునేవాళ్ళకు డీలరు అవసరం అంతగా పడదు, తగ్గింపు ఎక్కడుంటే అక్కడ కొనుక్కోవచ్చు. మిగతావాళ్ళు డబ్బు కట్టేముందు ఒకటి అడగండి: మోత వస్తే ఇంటికొచ్చేది దుకాణం మనిషా, కంపెనీ సర్వీసు మనిషా? రెండోదైతే ఆ దుకాణంలో పైసా ఎక్కువ పెట్టడానికి నాకు కారణం కనిపించదు.