ఫ్రీ స్క్రీన్ రికార్డర్ కావాలా, ఓబీఎస్ వేసుకోండి

అమీర్‌పేటలో మా తమ్ముడు ఎక్సెల్ క్లాసులు చెప్తాడు, వాటిని రికార్డ్ చేసి స్టూడెంట్స్‌కి పంపాలన్నాడు, పైసా మాత్రం పెట్టడంట. ముందు ఫ్రీ అని రాసున్న సాఫ్ట్‌వేర్ ఏదో వేశాం, పేరెందుకు గానీ వీడియో మధ్యలో ఇంత పెద్ద వాటర్‌మార్క్, అది పోవాలంటే డబ్బులు కట్టమంటది. దాన్ని పీకేసి ఓబీఎస్ స్టూడియో వేశా. ఇది నిజంగానే ఫ్రీ, ఓపెన్ సోర్స్, వాటర్‌మార్క్ లేదు, టైమ్ లిమిట్ లేదు, విండోస్, మ్యాక్, లైనక్స్ అన్నిట్లో నడుస్తది.

కాకపోతే ఓపెన్ చేయగానే నల్ల స్క్రీన్ చూసి చాలామంది పారిపోతారు, ఏం లేదు, కింద సోర్సెస్ అనే డబ్బాలో ప్లస్ నొక్కి డిస్‌ప్లే క్యాప్చర్ యాడ్ చేస్తే వచ్చేస్తది. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లో అప్పటికీ నల్లగానే ఉంటే విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఓబీఎస్‌ని పవర్ సేవింగ్‌కి మార్చి చూడండి. నాకు బాగా నచ్చింది ఎంకేవీ అనే వీడియో ఫైల్ ఫార్మాట్, మామూలు ఎంపీ4లో తీస్తుంటే మధ్యలో కరెంట్ పోయిందంటే ఫైల్ మొత్తం గోవిందా, ఎంకేవీలో అయితే అప్పటిదాకా తీసింది దక్కుతది, తర్వాత ఫైల్ మెనూలో రీమక్స్ కొడితే ఎంపీ4 అయిపోతది. మైక్‌కి నాయిస్ సప్రెషన్ ఫిల్టర్ పెడితే ఫ్యాన్ చప్పుడు బానే పోయింది, బయట హారన్లంటారా, అమీర్‌పేట హారన్లకి ఏ ఫిల్టరూ చాలదు లెండి.

ఎడిటింగ్ ఇందులో లేదు, దానికి వేరేది చూసుకోవాలి. రెండు నిమిషాల క్లిప్ కోసమైతే ఇంత తంటా దేనికి, విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లోనే రికార్డింగ్ ఉంది, మ్యాక్‌లో కమాండ్ షిఫ్ట్ 5 కొడితే సరి. విండోస్‌లో గేమ్ బార్ అనే రికార్డర్ కూడా ఉంది గానీ అది ఒక యాప్‌నే తీస్తది, డెస్క్‌టాప్‌ని తీయదు.