గంటస్తంభం దగ్గర కొన్న ‘కన్యాశుల్కం’

మా అత్తగారికి చూపు తగ్గింది. రాత్రి భోజనాలయ్యాక ఏదో ఒకటి చదివి వినిపిస్తుంటాను. అందుకోసమే విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక షాపులో గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’ 200 రూపాయలకి కొన్నాను.

కొనేవాళ్లు ముందు ఒకటి చూసుకోండి. ఈ నాటకం 1892లో మన ఊళ్లోనే మొదట ఆడారు, 1897లో అచ్చయింది. తర్వాత అప్పారావు గారు చాలా మార్చి, పెంచి 1909లో మళ్లీ అచ్చు వేయించారు. ఇప్పుడు అందరూ చదివేది ఆ రెండోదే. నా పుస్తకంలో ఉన్నది ఏదో ఎక్కడా రాయలేదు. ఆ రెండోదానిలోని ఏడంకాలూ ఉన్నాయో లేదో నేనే తిరగేసి చూసుకున్నాను.

కాగితం పర్వాలేదు. అక్షరాలు మరీ చిన్నవి, ట్యూబులైటు కింద కూడా కళ్లు లాగేశాయి. నాలుగో అంకం దగ్గర పేజీలు ఊడిపోయాయి. అవి సర్దుకోవచ్చు గానీ, పాత మాటలకి అర్థాలు ఇవ్వకపోవడం మాత్రం నాకు చాలా కోపం తెప్పించింది. మొదటి రంగంలోనే గిరీశం బొంకులదిబ్బ మీద నిలబడి, సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర 20 రూపాయలు తీసుకుని ఎలా ఖర్చుపెట్టేశాడో తనలో తనే చెప్పుకుంటాడు. రోజూ ఆ దిబ్బ పక్కనుంచే కాలేజీకి వెళ్లే మా అమ్మాయి “పూటకూళ్లమ్మంటే ఎవరు మామ్మా?” అని అడిగింది. డబ్బు తీసుకుని పూటకింత భోజనం పెట్టే ఆవిడ అని అత్తగారు చెప్పాకే దానికి నవ్వొచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు లేని పిల్లలకి ఎవరు చెబుతారు?

ఇది మనసులో చదువుకునే పుస్తకం కాదు. పైకి చదవండి. మన వైపు ఇళ్లలో వినబడే మాట తీరే అందులో ఉంది. రాసి వందేళ్లు దాటినా అత్తగారు నాకంటే ముందే నవ్వేవారు. చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఇస్తున్నారని విని తల్లి నూతిలో దూకిన చోట మాత్రం ఆవిడ ఆపమన్నారు. “మా అమ్మకి ఎనిమిదో ఏట చేశారమ్మా పెళ్లి” అన్నారు. ఆ రాత్రి ఇంక చదవలేదు.

ఈ ప్రచురణలో నాకు అన్నిటికంటే నచ్చింది, అప్పారావు గారు మొదటి అచ్చుకి ఇంగ్లీషులో రాసుకున్న ముందుమాటని తెలుగులో ఇవ్వడం. మన విజయనగరం ఆనంద గజపతి మహారాజు గారు విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల (డబ్బు తీసుకుని పిల్లనిచ్చే పెళ్లిళ్ల) జాబితా తయారు చేయించారట. మొత్తం 1034. అందులో ఏడాది పిల్లలు ముగ్గురు! అది చదివాక, సుబ్బి పెళ్లి తప్పించడానికి ఆడపిల్ల వేషం వేసిన శిష్యుణ్ణి ఆమె మేనమామ కరటకశాస్త్రి లుబ్ధావధాన్లుకి అంటగట్టే చోట ఎంత కసి ఉందో తెలిసింది. అంతకుముందు వట్టి హాస్యమే అనుకున్నాను.

రచయిత జీవితం గురించి మాత్రం వెనక అట్ట మీద నాలుగే వాక్యాలు. 1862లో ఎస్. రాయవరంలో పుట్టి, మన మహారాజా కాలేజీలో చదివి, అక్కడే పాఠాలు చెప్పి, 1915లో ఈ ఊళ్లోనే పోయిన మనిషి. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారితో కలిసి నిలబడ్డారు. దానికి రెండు పేజీలైనా ఇవ్వాల్సింది.

కళ్లు బాగున్నవాళ్లు కొనుక్కోండి, ఆ ధరకి న్యాయమే. పెద్దవాళ్లకైతే పెద్ద అక్షరాల ప్రతి ఎక్కడైనా దొరుకుతుందేమో వెతకండి. నాది బైండింగ్‌కి ఇచ్చాను, ఆదివారం ఇస్తానన్నాడు. మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు గారింటికి వెళ్లే రంగం అత్తగారు ఇంకా వినలేదు. రోజూ అడుగుతున్నారు.