ఎక్స్‌పీ సిస్టమ్‌కి మెయింటెనెన్స్ డిస్కులు: ఏళ్ల వాడకం తర్వాత ఏవి మిగిలాయి

విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి కార్డులు, కరపత్రాలు కంపోజ్ చేసే డీటీపీ సెంటర్లకు మాత్రం ఆ తేదీతో పని లేదు. ఏళ్ల నాటి ఫైళ్లన్నీ యూనికోడ్ కాని ఆ ఫాంట్ కోడింగ్‌లోనే ఉన్నాయి కాబట్టి, నెట్ వైరు పీకేసి అదే సిస్టమ్ నడుపుకుంటున్నారు. అలాంటి చోట “కొత్త ఓఎస్ వేసుకోండి” అనడం తేలికే. ముహూర్తాల సీజన్లో సిస్టమ్ లేవకపోతే అరగంటలో లేపడం ఎలా అన్నదే అసలు సమస్య. అందుకోసం ఏళ్లుగా వాడుతున్న సరంజామా మీద ఈ సమీక్ష: రికవరీ కన్సోల్ (కమాండ్లతో ఎక్స్‌పీని బాగుచేసే నల్ల స్క్రీన్), బార్ట్‌పీఈ సీడీ (సీడీ నుంచే లేచే చిన్న ఎక్స్‌పీ), హైరెన్స్ బూట్‌సీడీ 15.2 పెన్‌డ్రైవ్ (రిపేర్ ప్రోగ్రాముల మూట), హార్డ్‌డిస్క్ చివర ఒక మెయింటెనెన్స్ పార్టిషన్, క్లోన్‌జిల్లా ఇమేజ్ (డ్రైవు మొత్తానికి బ్యాకప్ కాపీ).

అన్నిటికన్నా తక్కువ జాగా తీసుకుని ఎక్కువ పని చేసేది రికవరీ కన్సోల్. హార్డ్‌డిస్క్ మీద 7 ఎంబీ చాలు. ఎక్స్‌పీ సీడీలో ఐ386 ఫోల్డర్లో ఉన్న విన్‌ఎన్‌టీ32కి “స్లాష్ సీఎండీకాన్స్” తగిలించి రన్ చేస్తే బూట్ మెనూలో ఇంకో లైను చేరుతుంది. చాలామందికి ఇక్కడే మొదటి దెబ్బ తగులుతుంది. సిస్టమ్‌లో ఉన్నది సర్వీస్ ప్యాక్ 3, చేతిలో ఉన్నది పాత సీడీ అయితే, సీడీలోని వెర్షన్ పాతదంటూ సెటప్ ఆగిపోతుంది. సీడీని మొత్తం ఒక ఫోల్డర్లోకి కాపీ చేసి, సర్వీస్ ప్యాక్ 3 ఫైలుకి “ఇంటిగ్రేట్” స్విచ్ ఇచ్చి ఆ ఫోల్డర్లో కలపాలి. తర్వాత అక్కడి నుంచే కన్సోల్ ఇన్‌స్టాల్ చేయొచ్చు. ఆ ఫోల్డర్‌ని మళ్లీ బూటబుల్ సీడీగా రాసేటప్పుడు ఇమ్‌గ్‌బర్న్ అనే సీడీ రాసే ప్రోగ్రామ్‌లో బూట్ సెక్టార్ల సంఖ్య 4 అని పెట్టాలి. అది మరిచిపోతే సీడీలో ఫైళ్లన్నీ కనిపిస్తాయి గానీ బూట్ కాదు. చెత్తబుట్టలో పడ్డ సీడీల్లో సగం ఈ లెక్కలోవే.

కన్సోల్‌కి పెద్ద లోపం ఒకటుంది. అది విండోస్ ఫోల్డర్‌నీ, డ్రైవుల రూట్‌నీ తప్ప వేరే ఫోల్డర్లను ముట్టుకోనివ్వదు, “యాక్సెస్ డినైడ్” అంటుంది. సిస్టమ్ బాగున్నప్పుడే లోకల్ సెక్యూరిటీ పాలసీలోకి వెళ్లి, రికవరీ కన్సోల్‌లో అన్ని డ్రైవులూ ఫోల్డర్లూ తెరవనిచ్చే ఆప్షన్ ఆన్ చేసి ఉండాలి. పడిపోయాక చేద్దామంటే దారి లేదు. ఎక్స్‌పీ హోమ్‌లో ఆ పాలసీ స్క్రీనే ఉండదు. కన్సోల్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కూడా అడుగుతుంది. రోజూ లాగిన్ అయ్యే యూజర్ పాస్‌వర్డ్ కాదది. హోమ్‌లో సాధారణంగా అది ఖాళీగానే ఉంటుంది, ఎంటర్ కొడితే సరిపోతుంది.

కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ నిలబడక సిస్టమ్ టక్కున ఆగిపోయే చోట ఎక్కువగా పాడయ్యేది రిజిస్ట్రీ, అంటే విండోస్, ప్రోగ్రాముల సెట్టింగులన్నీ ఉండే ఫైళ్లు. విండోస్, సిస్టమ్32, కాన్ఫిగ్, సిస్టమ్ అంటూ ఒక ఫైలు దారి చూపించి, ఆ ఫైలు మిస్సింగ్ ఆర్ కరప్ట్ అని నల్ల స్క్రీన్ మీద రాస్తుంది. రిపేర్ షాపులో చాలామంది ఈ మెసేజ్ చూడగానే ఫార్మాట్ కొట్టేస్తారు. ఆ అవసరం లేదు. కాన్ఫిగ్ ఫోల్డర్లో పొడిగింపు లేని ఐదు ఫైళ్లు ఉంటాయి: సిస్టమ్, సాఫ్ట్‌వేర్, సామ్, సెక్యూరిటీ, డిఫాల్ట్. విండోస్‌లోని రిపేర్ ఫోల్డర్లో వీటికి కాపీలు ఉంటాయి గానీ, సాధారణంగా అవి ఓఎస్ వేసిన రోజు నాటివి. అవి పెడితే సిస్టమ్ లేస్తుంది, వేసిన ప్రోగ్రాములు మాత్రం రిజిస్ట్రీకి తెలియవు. సరైన కాపీలు సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ ఫోల్డర్లో, రీస్టోర్ పాయింట్ల కింద, స్నాప్‌షాట్ అనే ఫోల్డర్లో ఉంటాయి. మామూలు సెట్టింగ్స్‌లో కన్సోల్ అక్కడికి పోనివ్వదు. అందుకే బార్ట్‌పీఈ గానీ హైరెన్స్‌లో ఉండే మినీ ఎక్స్‌పీ గానీ చేతిలో ఉండాలి. తేదీ చూసి ముందు రోజు స్నాప్‌షాట్ ఎంచుకోవాలి. “రిజిస్ట్రీ మెషీన్ సిస్టమ్” అనే ఫైలుని కాన్ఫిగ్‌లోకి తెచ్చి, పాతదానికి “సిస్టమ్ డాట్ ఓల్డ్” అని పేరు మార్చి, కొత్తదానికి “సిస్టమ్” అని పెట్టాలి. పాడైనది ఒక్కటే అయితే ఒక్కటే మార్చి చూడండి. ఐదూ మార్చాల్సి వస్తే అన్నీ ఒకే రోజువి కావాలి.

ఇంత తిరుగుడు లేకుండా చేసేది ఈరంట్ అనే రిజిస్ట్రీ బ్యాకప్ ప్రోగ్రామ్. ఈ సరంజామాలో ఎవరూ పెద్దగా పట్టించుకోనిది, అన్నిటికన్నా ఎక్కువ సార్లు పనికొచ్చినది అదే. స్టార్టప్‌లో పెడితే రిజిస్ట్రీ మొత్తాన్ని రోజుకో కాపీ చొప్పున విండోస్ ఫోల్డర్ లోపలే ఈఆర్‌డీఎన్‌టీ అనే ఫోల్డర్లో దాస్తుంది, గడువు మీరిన కాపీలను తనే తీసేస్తుంది. విండోస్ ఫోల్డర్ లోపల ఉంది కాబట్టి రికవరీ కన్సోల్‌కి అడ్డు లేదు. కావలసిన తేదీ ఫోల్డర్లోకి వెళ్లి “బ్యాచ్ ఈఆర్‌డీఎన్‌టీ డాట్ కాన్” అని కొడితే ఐదు నిమిషాల్లో నిన్నటి రిజిస్ట్రీ వచ్చేస్తుంది. సీడీ అక్కర్లేదు, పెన్‌డ్రైవ్ అక్కర్లేదు.

బార్ట్‌పీఈ గురించి ఎక్కువ చెప్పేది లేదు. మీ సొంత ఎక్స్‌పీ సీడీ నుంచే తయారవుతుంది. హైరెన్స్‌లో ఉన్న మినీ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ లైసెన్సు లేదు కాబట్టి, లైసెన్సు విషయంలో పట్టింపు ఉన్న ఆఫీసుల్లో ఇదే మేలు. కానీ ప్లగిన్లు ఒక్కొక్కటీ ఏరుకుని కలపాలి, సాటా (హార్డ్‌డిస్క్ కనెక్షన్) డ్రైవర్ మరిచిపోతే హార్డ్‌డిస్కే కనిపించదు. ఒక పూట పడుతుంది. ఒకసారి చేసుకుంటే మళ్లీ చేసే పని రాదు.

హైరెన్స్‌లో 15.2 వెర్షనే కావాలి, 2012 నవంబరులో వచ్చినది. తర్వాత వచ్చిన హైరెన్స్ పీఈ 64-బిట్ కొత్త విండోస్‌ల మీద కట్టినది, 2 జీబీ ర్యామ్ లేనిదే కదలదు, 32-బిట్ పెంటియం 4 మీద అసలు లేవదు. పేరు ఒకటే కదా అని కొత్తది దించుకుని తల పట్టుకునేవాళ్లు ఎక్కువ. పెన్‌డ్రైవ్ చేయడానికి దాన్ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, గ్రబ్4డాస్ (బూట్ మెనూ చూపించే చిన్న ప్రోగ్రామ్) ఎక్కించి, హైరెన్స్ ఐఎస్ఓ (సీడీ అంతా ఉన్న ఒకే ఫైలు) లోని ఫైళ్లన్నీ కాపీ చేసి, హెచ్‌బీసీడీ ఫోల్డర్లో ఉన్న జీఆర్‌ఎల్‌డీఆర్, మెనూ డాట్ ఎల్ఎస్‌టీ ఫైళ్లను రూట్‌లో పెట్టాలి. ఈ పనిని ఎక్స్‌పీ మీదనే చేసేట్టయితే పెన్‌డ్రైవ్‌ని బూటబుల్ చేసే రూఫస్ 2.18 కావాలి, ఎక్స్‌పీ మీద నడిచే చివరి రూఫస్ అదే.

పెన్‌డ్రైవ్ మీద నాకున్న ఫిర్యాదు వేరే. డీటీపీ సెంటర్‌కి వచ్చే ప్రతి కస్టమర్ పెన్‌డ్రైవ్‌తోనే వస్తాడు, దానితో పాటు ఆటోరన్ వైరసూ వస్తుంది. నడుస్తున్న ఎక్స్‌పీలో మీ మెయింటెనెన్స్ పెన్‌డ్రైవ్ గుచ్చిన క్షణం అదీ అంటించుకుంటుంది. సీడీకి ఆ భయం లేదు, ఒకసారి రాశాక దాని మీద ఎవరూ ఏమీ రాయలేరు. అందుకే పెన్‌డ్రైవ్ ఎంత వేగంగా ఉన్నా సీడీ కూడా ఉంచుకోండి. రాసేటప్పుడు 52ఎక్స్ కాకుండా 8ఎక్స్ లేదా 16ఎక్స్‌లో రాసి, వెరిఫై ఆప్షన్ పెట్టండి. పాత డ్రైవు లెన్స్ వేగంగా రాసిన సీడీని సగంలో వదిలేస్తుంది. సీడీ కూడా ఏళ్లు గడిస్తే చదవడం మానేస్తుంది, ఏడాదికోసారి పెట్టి బూట్ చేసి చూడండి.

ఇక పార్టిషన్. ఎక్స్‌పీ డిస్క్ మేనేజ్‌మెంట్‌కి పార్టిషన్ కుదించడం రాదు, జీపార్టెడ్ లైవ్ సీడీ (సీడీ నుంచే లేచి పార్టిషన్లు మార్చే ప్రోగ్రామ్) కావాలి. ముందు చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు సరిచేయడం), తర్వాత డీఫ్రాగ్ (ఫైళ్ల ముక్కలు ఒకచోట చేర్చడం), ఆ తర్వాతే కుదించడం. డిస్క్ చివర 12 జీబీ దాకా ప్రైమరీ పార్టిషన్ చేసి ఫ్యాట్32 పెడితే చాలు. అది చివరనే ఎందుకంటే, సీ డ్రైవ్‌కి ముందు పెడితే పార్టిషన్ నంబర్లు జరిగిపోతాయి. బూట్ డాట్ ఐఎన్ఐలో (బూట్ మెనూ లైన్లు ఉండే ఫైలు) “పార్టిషన్ 1” అని ఉన్నది తప్పు అవుతుంది. అప్పుడు ఎక్స్‌పీ హాల్ డాట్ డీఎల్ఎల్ లేదంటుంది. ఆ ఫైలు నిజంగా ఎక్కడికీ పోదు, వెతికే చోటు తప్పు, అంతే. అలా అయితే కన్సోల్‌లో బూట్‌సీఎఫ్‌జీ రీబిల్డ్ కొడితే సర్దుకుంటుంది. కుదించిన తర్వాత మొదటి బూట్‌లో ఎక్స్‌పీ తనంతట తానే చెక్‌డిస్క్ నడుపుతుంది, భయపడి ఆపకండి.

చివర పెట్టడంలోనూ ఒక చిక్కు ఉంది. పాత బోర్డుల్లో బయోస్‌కి (ఆన్ చేయగానే ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) 48-బిట్ అడ్రసింగ్ లేకపోతే 137 జీబీ దాటిన జాగా దానికి కనబడదు. గ్రబ్4డాస్ బయోస్ ద్వారానే డిస్క్ చదువుతుంది కాబట్టి, 160 జీబీ డిస్క్ చివర పెట్టిన పార్టిషన్ ఎక్స్‌పీలో చక్కగా తెరుచుకుంటుంది, బూట్ మాత్రం కాదు. అలాంటి బోర్డులో ఆ హద్దు లోపలే పెట్టాలి.

పార్టిషన్‌లో హెచ్‌బీసీడీ ఫోల్డర్ పెట్టి, జీఆర్‌ఎల్‌డీఆర్, మెనూ ఫైలు సీ రూట్‌లో పెట్టి, బూట్ డాట్ ఐఎన్ఐలో జీఆర్‌ఎల్‌డీఆర్‌కి ఒక లైను రాస్తే, సిస్టమ్ ఆన్ చేయగానే మెనూలో కనిపిస్తుంది. టైమ్‌అవుట్ 5 సెకన్లు చాలు. ఎక్స్‌పీని లేపే ఎన్‌టీఎల్‌డీఆర్ ఫైలు పోయిన రోజున ఈ మెనూ కూడా రాదు. ఆ రోజు కోసం ఒక ఫ్లాపీ ఉంచుకోవాలి: ఎక్స్‌పీలోనే ఫార్మాట్ చేసి ఎన్‌టీఎల్‌డీఆర్, ఎన్‌టీడిటెక్ట్ డాట్ కామ్, బూట్ డాట్ ఐఎన్ఐ మూడూ కాపీ చేస్తే, అది నేరుగా హార్డ్‌డిస్క్‌లోని విండోస్‌ని లేపుతుంది. ఫార్మాట్ విండోలో “ఎంఎస్-డాస్ స్టార్టప్ డిస్క్” టిక్ పెట్టకూడదు, ఆ డాస్‌కి హార్డ్‌డిస్క్ మీది ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్ చదవడమే రాదు. ఫ్లాపీ డ్రైవు లేనివాళ్లు ఇదే పనిని పెన్‌డ్రైవ్‌తో చేయొచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయినప్పుడు బయోస్ దాన్నే మొదటి డిస్క్‌గా లెక్కిస్తుంది కాబట్టి, బూట్ డాట్ ఐఎన్ఐలో ఆర్‌డిస్క్ 0 బదులు 1 అని రాయాలి.

క్లోన్‌జిల్లా ఇమేజ్ లేకపోతే పైవన్నీ సగం పనే. సీలో 8 జీబీ వాడకం ఉంటే ఇమేజ్ 4-5 జీబీకి వస్తుంది. 32-బిట్ పెంటియం 4కి క్లోన్‌జిల్లా 32-బిట్ ఐఎస్ఓనే దించుకోవాలి. ఇమేజ్ కాపీ ఒకటి పార్టిషన్‌లో, ఇంకొకటి బయట. డిస్కే చచ్చిపోతే పార్టిషన్‌లోది దానితోనే పోతుంది. కొత్త డిస్క్‌లోకి దించాక మొదటి బూట్‌లో పాత డిస్క్ వైరు తీసేసి ఉంచండి. రెండూ తగిలించి ఉంటే ఎక్స్‌పీ కొత్తదానికి వేరే డ్రైవ్ అక్షరం ఇచ్చేస్తుంది, ఆ తర్వాత లాగిన్ అవ్వగానే లాగ్‌ఆఫ్ అవుతూ తిరుగుతుంది. డిస్క్‌ని విండోస్ 7 లేదా 10 సిస్టమ్‌లో ఫార్మాట్ చేసి ఉంటే “బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్” వస్తుంది, కన్సోల్‌లో బూట్ సెక్టార్‌ని తిరిగి రాసే ఫిక్స్‌బూట్ కొట్టాలి. ఫిక్స్‌ఎంబీఆర్ అప్పుడే కొట్టకండి. మాస్టర్ బూట్ రికార్డ్ మామూలుగా లేదని అది బాగున్న డిస్క్ మీద కూడా బెదిరిస్తుంది.

చెక్‌డిస్క్‌లో పాడైన సెక్టార్లు వెతికే ఆర్ స్విచ్ గురించి ఒక మాట. డిస్క్ టకటకమంటుంటే, డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో పెండింగ్ సెక్టార్లు (చదవడానికి మొరాయించే భాగాలు) కనిపిస్తుంటే, ముందు ఫైళ్లు బయటికి తీసుకోండి. ఆ స్విచ్ డిస్క్ అంతా గంటల తరబడి చదివిస్తుంది, కొనఊపిరితో ఉన్న డిస్క్ అంతసేపు నిలవదు.

అన్నీ సరిగా ఉన్నా, నిన్నటిదాకా నడిచిన సిస్టమ్ పొద్దున్నే 7బీ (బూట్ డిస్క్ అందడం లేదనే) బ్లూ స్క్రీన్ చూపిస్తే, ఏ డిస్కూ పెట్టకముందు బయోస్‌లో తేదీ చూడండి. సంవత్సరం వెనక్కి పోయి ఉంటే బోర్డు మీద సీఆర్2032 సెల్ అయిపోయినట్టే. దానితో పాటు సాటా మోడ్ (బోర్డు హార్డ్‌డిస్క్‌ని నడిపే పద్ధతి) ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి మారిపోయి ఉంటుంది, ఎక్స్‌పీలో దానికి డ్రైవర్ ఉండదు. మోడ్ వెనక్కి మార్చి, సెల్ కొత్తది వేస్తే చాలు.