పాత సాన్ స్విచ్ కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఇవి చూపించమనండి

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రుల్లో, కాలేజీల్లో సర్వర్ రూములు చూసుకునే అన్నలు, తమ్ముళ్లు జెర ఆగి చదవండి. హైదరాబాద్‌లో పాత సర్వర్లు అమ్మే ఒక షాపు నుంచి మా ఆసుపత్రికి సిస్కో ఎండీఎస్ 9148ఎస్ అనే సాన్ స్విచ్ (సర్వర్లను స్టోరేజీతో కలిపే ఫైబర్ ఛానల్ స్విచ్) తెప్పించాం. "48 పోర్టులు, 16జీ, అన్నీ టెస్ట్ చేసినవే సార్" అన్నారు. 16జీ అంటే పోర్టు స్పీడు. పచ్చ లైట్లు వెలుగుతున్న వీడియో కూడా వాట్సాప్‌లో పెట్టారు.

ఆ వీడియోలో వెలిగినవన్నీ మొదటి 12 పోర్టులే. ఈ మోడల్‌కు కంటికి 48 కనిపిస్తాయి, బేస్ లైసెన్సుతో పనిచేసేవి 12 మాత్రమే. మిగతావి 12 చొప్పున లైసెన్సు కొంటేనే తెరుచుకుంటాయి. పోర్టు షట్‌లో (సాఫ్ట్‌వేర్‌తో ఆపేసి) ఉంటే కూడా పచ్చ లైటు రాదు, కాబట్టి ముందు స్విచ్‌లో 'నో షట్‌డౌన్' కమాండ్ ఇచ్చి చూడండి. అప్పటికీ లేవకపోతే 'షో పోర్ట్-లైసెన్స్' కొట్టండి, అసలు సంగతి బయటపడుతుంది. షాపాయనకు ఫోన్ చేస్తే, వేరే స్విచ్ లైసెన్సు ఫైలు పంపిస్తా, ఎక్కించుకోండి అన్నాడు. లైసెన్సు ఆ స్విచ్ హోస్ట్ ఐడీ (దాని గుర్తింపు నంబరు)తోనే ముడిపడి ఉంటుంది, ఇంకో స్విచ్‌లో ఎక్కదు. తెలిసే చెప్పాడో, తెలియక చెప్పాడో!

16జీ అని ఇచ్చిన ఎస్‌ఎఫ్‌పీల్లో (పోర్టులో పెట్టి కేబుల్ తగిలించే చిన్న మాడ్యూళ్లు) కొన్ని 8జీవి. 'షో ఇంటర్‌ఫేస్ ట్రాన్సీవర్'లో నామినల్ బిట్ రేట్ 8500 దగ్గర ఉంటే 8జీ, 14000 దగ్గర ఉంటే 16జీ.

మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది మాత్రం పచ్చగా వెలుగుతున్న ఒక పోర్టు. లింకు అప్‌లోనే ఉంది, స్కాన్ ఇమేజీలు మాత్రం తెరుచుకోవు. బయట పేషెంట్లు, లోపల డాక్టర్ల కేకలు, మాకు టెన్షన్. 'షో ఇంటర్‌ఫేస్ కౌంటర్స్'లో చూస్తే సీఆర్‌సీ ఎర్రర్లు, ఇన్‌వాలిడ్ ట్రాన్స్‌మిషన్ వర్డ్స్ (అంటే డేటా దారిలో పాడైపోతున్న లెక్క) చూస్తుండగానే పెరుగుతున్నాయి. కేబుల్ మార్చినా అంతే. ఎస్‌ఎఫ్‌పీని పక్క పోర్టులోకి మారిస్తే ఎర్రర్లు కూడా దాని వెంటే పోయాయి. 'ట్రాన్సీవర్ డీటెయిల్స్'లో రిసీవ్ పవర్ పక్కన రెండు మైనస్ గుర్తులు. అంటే లో అలారం, వెలుతురు సరిపడా అందడం లేదని.

షాపులో మాత్రం ఈ ఎర్రర్ల కౌంటర్లు సున్నా చూపించాయి. అదెలా అంటారా? 'క్లియర్ కౌంటర్స్' ఒక్కటి కొడితే చాలు, పాత లెక్కంతా చెరిగిపోతుంది. అందుకే సున్నా చూసి సంబరపడకండి. అక్కడే సర్వర్, స్టోరేజీ తగిలించి, పెద్ద ఫైళ్లు కాపీ పెట్టి, కనీసం అరగంట అయ్యాక కౌంటర్లు మళ్లీ చూడండి. టైమ్ లేదంటే ఇంకో షాపు చూసుకోండి.

ఎస్‌ఎఫ్‌పీలు మార్చిస్తానని ఒప్పుకున్నాడు. లైసెన్సు మాటెత్తితే మాత్రం "బిల్లులో 48 పోర్ట్ స్విచ్ అని రాశాం, 48 ఉన్నాయి కదా సార్" అంటున్నాడు. మీరు బిల్లులో లైసెన్సు ఉన్న పోర్టులు ఎన్నో, ఎస్‌ఎఫ్‌పీ స్పీడు ఎంతో విడిగా రాయించుకోండి. రాయనంటే అడ్వాన్సు కూడా ఇవ్వకండి.